సూది వేళకు ఎవరింటి పిల్ల?

సెప్టెంబరు 3, బుధవారం. బాపట్ల

తప్పు నీది. నువ్వెవరివైనా సరే, నీదే. టీకా మంచిదేనని తల ఊపుతావు. పదిమందిలో నాకంటే గట్టిగా చెప్తావు. తీరా నీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికొచ్చేసరికి "వాళ్ళనడగండి" అని ఇంకో ఇంటివైపు చెయ్యి చూపిస్తావు. మూర్ఖుడితోనైనా వాదించొచ్చు. అన్నిటికీ ఒప్పుకునే నీతో ఎలా వాదించను?

పేజీ మీద అరుస్తున్నాను. రేపల్లెలో అరవలేకపోయాను కాబట్టి.

మా చెల్లెలి కూతురు హారికకి ఆరో నెల నిండుతోంది. ధనుర్వాతం సూది, అదే అందరూ టీటీ అనేది, ఈ కడుపుకి ఒక్కటీ పడలేదు. రెండు పడాలి. రెంటికీ మధ్య నాలుగు వారాలు ఉండాలి. రెండోది కాన్పుకి ముందే పడి, పనిచేయడానికి వ్యవధి ఉండాలి. ఇప్పుడు మొదలుపెడితే సరిపోతుంది. ఇంకా నానిస్తే సరిపోదు. ఇంత చిన్న లెక్క.

వాళ్ళ అత్తగారు భ్రమరాంబ గారు పెసరట్లు పోసి పెట్టారు. అల్లం పచ్చడి. ఎంత మర్యాద...

"మాకేం అభ్యంతరం లేదండి వదిన గారూ. మా అమ్మాయైతే ఈపాటికి వేయించి పారేసేదాన్ని. పరాయివాళ్ళ పిల్ల కదండీ. కన్నవాళ్ళుండగా మేం ముందుపడితే బాగుంటుందా, మీరే చెప్పండి."

అల్లుడు కిరణ్ ఫోన్‌లోంచి తలెత్తకుండా — "అమ్మ ఎలా అంటే అలా పెద్దమ్మ గారూ."

హారిక నా ప్లేట్లో ఇంకో అట్టు వేసింది. పుట్టినప్పుడు నా ఒళ్ళోనే పెట్టారు దాన్ని. చెల్లెలికి జ్వరం అప్పుడు. ఇరవై నాలుగేళ్ళలో ఆ పిల్ల అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

సెప్టెంబరు 4

పొద్దున్నుంచి గిన్నెలు తోముతూ వాదిస్తున్నాను. నేనే గెలుస్తున్నాను. ఎదురు చెప్పేవాళ్ళు లేరు మరి.

సెప్టెంబరు 6, శనివారం. తెనాలి

చెల్లెలి ఇల్లు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మరిది శేషగిరి — "వదిన ఉపన్యాసం మొదలుపెట్టకముందే కాఫీ తాగేద్దాం నాగమణీ, తర్వాత చల్లారిపోద్ది."

తాగాం. మొదలుపెట్టాను.

"నేనొద్దన్నానా అక్కా? ఆ సూదులు నాకు వేశారు, నీకు తెలీదా? కానీ అది ఇప్పుడు వాళ్ళింటి పిల్ల. వాళ్ళనకుండా మనం ముందుపడి వేయిస్తే..."

"వేయిస్తే?"

"పోయినసారి చాల్లేదా?"

అంతే. శేషగిరి షాపు తాళాలు వెతుక్కుంటున్నట్టు లేచాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

రేపల్లెలో పరాయివాళ్ళ పిల్ల. తెనాలిలో వాళ్ళింటి పిల్ల. పెళ్ళి ఫొటోల్లో రెండిళ్ళవాళ్ళూ చెరో భుజం పట్టుకుని లాగారే, "మా పిల్ల, మా పిల్ల" అని... సూది దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల ఎవరిదీ కాకుండా పోయింది.

సెప్టెంబరు 7, ఆదివారం

పోయినసారి సంగతి రాయాలి. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. అందరూ మింగేశారు, వాళ్ళతోపాటు నేనూ మింగాను.

పోయినేడు హారికకి మూడో నెల. పుట్టింటికొచ్చి ఉంది. నాగమణే తీసుకెళ్ళి మొదటి సూది వేయించింది. ఆ వారంలోనే రక్తం కనబడింది. కడుపు నిలవలేదు.

భ్రమరాంబ గారు ఒక్క మాట అనలేదు. ఆసుపత్రికొచ్చారు, కొబ్బరిబొండాలు తెచ్చారు, కోడలి తల నిమిరారు. వెళ్తూ వెళ్తూ — "మా దగ్గరే ఉండుంటే ఎలా ఉండేదో, ఏంటో... మన చేతుల్లో ఏముందండీ." ఆ వాక్యం తెనాలి ఇంట్లో ఇంకా గోడకి మేకులా దిగి ఉంది. నాగమణి దాని పక్కనుంచే తిరుగుతుంది రోజూ, కొంగు తగలకుండా.

డాక్టర్లు అప్పుడే చెప్పారు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాలు చాలా. ఎక్కువగా పిండం మొదట్లోనే సరిగా కుదరక పోతాయి. సూది పడినవాళ్ళకీ పోతాయి, పడనివాళ్ళకీ పోతాయి. సూది తర్వాత జరిగింది, నిజమే. ఆ వారంలో హారిక కమలాపండు కూడా తింది, తలంటు పోసుకుంది, కొత్త చెప్పులు కొనుక్కుంది. చెప్పుల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఇదంతా వాళ్ళకి తెలుసు. బి.కాం. చదివిన మరిదికి తెలుసు. తెలిసినదాన్ని మళ్ళీ చెప్పడానికి నేనెందుకు?

అదే రోజు, సాయంత్రం

రాత్రికి చంద్రగ్రహణమట. మధ్యాహ్నం నుంచే తెనాలి ఫోన్ రేపల్లెకి, రేపల్లె ఫోన్ తెనాలికి. హారికని బయటికి రానివ్వకండి, కత్తిపీట ముట్టనివ్వకండి, ఒత్తిగిలనివ్వకండి. రెండిళ్ళదీ ఒకే గొంతు. ఎవరి అనుమతీ ఎవరూ అడగలేదు. "పరాయివాళ్ళ పిల్ల కదా, కన్నవాళ్ళు చెప్తే పడుకోబెడతాం" అనలేదు ఎవరూ.

ఎందుకంటావ్? ఏదైనా చేయకుండా ఆపినవాళ్ళని రేపు ఎవరూ నిలదీయరు. చేయించినవాళ్ళనే నిలదీస్తారు. ఆపడంలో ప్రేమ ఉంది, మాట పడే భయం లేదు. ఈ ముక్క నా బుర్రకి ఇవాళే ఎక్కింది. ఇన్నేళ్ళూ సంఘం తరఫున కరపత్రాలు పంచుతూ మూఢనమ్మకం మీద అరిచాను. ఇక్కడున్నది మూఢనమ్మకం కాదు. మర్యాద.

మర్యాద మీద ఏం కరపత్రం వేస్తాం?

సెప్టెంబరు 9, మంగళవారం. బాపట్ల

విమల క్లినిక్. కాలేజీలో నా వెనక బెంచీ, ఇప్పుడు కాన్పుల డాక్టరు. బయట క్యూ. ఆఖరి పేషెంటు వెళ్ళేదాకా కూర్చున్నాను.

"నీ కరపత్రం చదివాను," అంది చేతులు కడుక్కుంటూ. "అన్నీ నిజాలే. చదువుతుంటే నాకే కోపమొచ్చింది."

"ఎందుకూ?"

"తిడుతున్నట్టుంది. సూది వేసుకోవే గాడిదా అన్నట్టుంది."

సరే. అడగాల్సినవి మళ్ళీ అడిగాను, ఎవరైనా నిలదీస్తే నోటికి రావాలని. ధనుర్వాతం సూదిలో బతికున్న క్రిమి ఏదీ ఉండదు. క్రిమి విషాన్ని పనిచేయకుండా చేసి వేస్తారు. తల్లిలో పుట్టే రక్షణ బిడ్డకీ చేరుతుంది. బొడ్డు కోసినచోట నుంచి వచ్చే ధనుర్వాతం పసిగుడ్డుని మిగల్చదు కాబట్టే ఇది. ఫ్లూ టీకా కూడా వేయించమంది. కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ వస్తే మామూలు మనిషికంటే గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెండూ గర్భిణులకి ఏళ్ళ తరబడి వేస్తున్నవే.

"వేయకూడనివీ ఉన్నాయి, అదీ రాయి," అంది. "తట్టు, రుబెల్లా, ఆటలమ్మ — బతికున్న క్రిముల్ని బలహీనపరిచి చేసేవి గర్భంలో వేయం. కాన్పయ్యాక వేస్తాం. అది దాచిపెట్టి అన్నీ మంచివే అన్నావంటే, ఆ ఒక్కటీ ఎక్కడో విన్నవాడు నిన్ను ఇంక నమ్మడు."

సూది పడ్డాక వచ్చేవి కూడా చెప్పింది. చెయ్యి నొప్పి. ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చన. ఎప్పుడో ఎవరికో అలర్జీ గట్టిగా రావచ్చు, అందుకే సూది వేశాక అరగంట కూర్చోబెడతారు.

"పోయినసారిది దీనివల్ల కాదని రాసిస్తావా?"

"వంద కాగితాలు రాసిస్తాను. కాగితం చూసి మీ చెల్లెలు నిద్రపోద్దా?"

సెప్టెంబరు 10, బుధవారం

ఊరూరా సూదులు వేసే రోజు. హారికకి పడలేదు. రేపల్లె నర్సమ్మకి ఫోన్ చేస్తే — "ఎన్నిసార్లు అడిగానో అండీ. పుట్టింట్లో వేయించుకుంటుంది అంటారు. ఆ మాట మీద నేనేం చేయను?"

సెప్టెంబరు 12, శుక్రవారం

వేటపాలెం. జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు. పని వదిలే వేళ. మా సంఘం వాళ్ళిద్దరూ రాలేదు, నేనొక్కదాన్నే కరపత్రాల కట్టతో. ఆడవాళ్ళు గుంపుగా బయటికొస్తున్నారు, జీడి రసానికి వేళ్ళు నల్లగా.

"ఏంటమ్మా, ఓట్లా?"

"కాదమ్మా. కడుపుతో ఉన్నవాళ్ళకి టీకాలు."

"మాకు మనవలొచ్చారు. ఇప్పుడు కడుపంటే మా ఆయన పారిపోతాడు."

నవ్వులు. ఒకావిడ మాత్రం కాగితం తీసుకుని మడిచి రవికలో పెట్టుకుంది, కోడలు చదువుద్దని. ఇంకొకావిడ వెళ్ళబోతూ ఆగింది. పొడుగ్గా, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"మీ ఇంట్లో ఎవరన్నా ఉన్నారా అక్కా, కడుపుతో?"

"ఉంది. మా చెల్లెలి కూతురు."

"వేయించావా?"

"వేయిస్తున్నాం."

"వేయిస్తున్నాం అంటే వేయించలేదని." పక్కావిడకి మోచేత్తో పొడిచింది. "వేయించాక రా అక్కా. అప్పుడు నిలబడి ఇంటాం."

ఆవిడ మీద కోపం రావాలి. రాలేదు. బస్సులో కూర్చున్నాక కరపత్రాల కట్ట ఒళ్ళో పెట్టుకుని... నా మాట మీద నాకే నమ్మకం లేనట్టు నిలబడ్డాను గేటు దగ్గర. మాటలో తప్పు లేదు. చెప్పే మనిషి వెనక తన ఇల్లే లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం. రేపల్లె

చెప్పకుండా వెళ్ళాను. భ్రమరాంబ గారు పేరంటానికి వెళ్ళారు. కిరణ్ నిద్ర. మేడమీద హారిక బట్టలు ఆరేస్తోంది. దుప్పటి రెండోవైపు నేను పట్టుకున్నాను.

విమల చెప్పినదంతా చెప్పాను. తిట్టినట్టు కాకుండా, వీలైనంత మెల్లగా. విని, క్లిప్పులు పెట్టడం పూర్తిచేసి —

"ఇవన్నీ నాకు తెలుసు పెద్దమ్మా. ఫోన్‌లో నేనూ చదివాను. సూదంటే నాకేం భయం లేదు."

"మరి?"

"తర్వాత ఏదన్నా అయితే అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. తర్వాత నా మొహం చూస్తారు. అదీ నా భయం." దుప్పటి సర్దింది, సర్దిందే మళ్ళీ సర్దింది. "పోయినసారి ఎవ్వరూ ఏమీ అనలేదు. ఒక్కళ్ళన్నా తిడితే బాగుండేది. తిరిగి తిట్టేదాన్ని. అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో ఎలా ఉన్నావు అని అడగదు తెలుసా? అన్నం తిన్నావా అని అడుగుతుంది. జవాబు భయపెట్టని ప్రశ్న కదా."

నాకు తెలీదు. నాకు తెలీదు అది.

"అయితే నేను తీసుకెళ్తా. మాటొస్తే నా మీదికి రానీ."

"నీ మీద మాటలు పడి పడి నీకు తగలవు పెద్దమ్మా. నీ మీద వేస్తే ఎవరికీ తృప్తి ఉండదు." నవ్వింది. రాగానే చూసుంటే ఎంత బాగుండేది ఆ నవ్వు. తర్వాత చాలా మామూలుగా చెప్పింది, ముందే అనుకుని ఉన్నట్టు. రెండిళ్ళవాళ్ళూ ఒకేచోట కూర్చోవాలి. సూదికి ముందు. ఏమైనా అయితే డాక్టర్ని అడుగుతాం, ఒకళ్ళనొకళ్ళం చూడం, నిన్ను చూడం — అని తన ముందు అనాలి. అందరూ. వాళ్ళాయనతో సహా.

"అనకపోతే?"

"వేయించుకోను."

నాకు మండింది. అదేం బేరమే, అది నీ బిడ్డ రక్షణ, దానికి షరతులేంటి, రోజులు అయిపోతున్నాయి... నా గొంతు మెట్లదాకా వినిపించి ఉంటుంది.

"నువ్వూ వాళ్ళలాగే మాట్లాడుతున్నావు పెద్దమ్మా. నన్నడక్కుండా."

కింద తలుపు చప్పుడు. పేరంటం అయిపోయింది.

సెప్టెంబరు 15

షరతు తప్పు. వాళ్ళు కూర్చున్నా కూర్చోకపోయినా సూది పడాల్సిందే. వైద్యం ప్రకారం ఇందులో రెండో మాట లేదు.

ఇంకొకటీ రాస్తున్నాను, కొట్టేయను. వైద్యం ప్రకారం రెండో మాట లేని పని ఆరు నెలలుగా జరగలేదు. ఆ పిల్ల చెప్పిన దారి తప్ప నాకిప్పుడు ఇంకో దారి కనబడటం లేదు. కాబట్టి ఆ షరతు నాది. దానికోసం ఎవరితోనైనా పోట్లాడతాను.

సెప్టెంబరు 16, మంగళవారం

ఫోన్లు.

భ్రమరాంబ గారు: "మహాలయ పక్షాలు వెళ్ళనివ్వండి వదిన గారూ. దసరాల్లో ఎలాగూ పుట్టింటికి తీసుకెళ్తారు కదా." సూది శుభకార్యమా అండీ, ముహూర్తం చూడ్డానికి — అన్నాను. దానికావిడ, "పోనీ ఇలా చేద్దాం. మొదటిది మీవాళ్ళు వేయించండి. రెండోది మేం చూసుకుంటాం."

నాగమణి: "మొదటిదానికే కదా అక్కా పోయినసారి... మొదటిది వాళ్ళనే వేయించమను."

ఒక ప్రాణానికి రెండు సూదులు. రెండోదానికి ఇద్దరూ సిద్ధం.

దసరాల్లో తీసుకొస్తారు, ఏడో నెల. ఎనిమిదో నెల వచ్చిందంటే గడప దాటనివ్వరు. తెనాలికొచ్చాక నాగమణి ఒక్కతీ ఈ సూది వేయించదు. పోట్లాడి చెప్పగలను, వేయించదు. ఈ వారమే.

సెప్టెంబరు 17, బుధవారం

విమలని అడిగాను. శనివారం పొద్దున పేషెంట్లు రాకముందు గది ఇస్తానంది. బాపట్ల అయితే ఎవరిల్లూ కాదు. ఎవరి గుమ్మంలోనూ ఏదీ జరిగినట్టు కాదు. "ఏదైనా అయితే" అన్న ప్రశ్నకి జవాబు చెప్పేది డాక్టరు, ఆవిడ గదిలోనే.

"నువ్వు అరవకుండా ఉంటే," అని చేర్చింది.

నాగమణికి చెప్పాను. వెనకాల కుక్కర్ కూత వినబడుతోంది. తర్వాత — "ఆవిడ ముందు కూర్చోవాలా?"

"కూర్చోవాలి."

"ఆవిడ ఏమీ అనదక్కా. అదే భయం."

కూతురన్న మాటే. మేడమీద ఒకతి, వంటింట్లో ఒకతి. ఇద్దరూ ఒకరి భయం ఒకరికి చెప్పుకోలేదు ఏడాదిగా. చెప్పనా అనుకున్నాను. చెప్పలేదు. శనివారం హారికే చెప్పాలి.

సెప్టెంబరు 18

కిరణ్ ఫోన్. వీధిలోంచి చేస్తున్నాడు, బళ్ళ మోత. "పెద్దమ్మ గారూ, అమ్మతో మాట్లాడమనకండి, నా వల్ల కాదు. కారు తెమ్మంటే తెస్తాను."

"కారొక్కటే సరిపోదు బాబూ. నువ్వూ ఒక మాట అనాలి అక్కడ."

"...ఏమనాలండీ?"

చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. నేర్చుకుంటున్నట్టు లోపల అనుకున్నాడు, పెదాల చప్పుడు వినబడింది. మొదటిసారి ఈ కుర్రాడి మీద కాస్త ఇష్టం కలిగింది. కాస్తే.

సెప్టెంబరు 19, శుక్రవారం. బాపట్ల

రేపు.

భ్రమరాంబ గారు: "చూద్దామండి." వస్తామనలేదు, రామనలేదు. శేషగిరి: "షాపు మూసి రావాలంటే... నాగమణి వస్తే నేనూ వస్తా వదినా." నాగమణి: ఫోన్ ఎత్తలేదు. హారిక: "నేనొస్తాను. వాళ్ళు రాకపోతే కూర్చుని తిరిగొచ్చేస్తాను." వాళ్ళు రాకపోయినా వేయించుకోవే అని బతిమాలాను. నేను, బతిమాలాను. వినలేదు.

మాటలు జారిపోకుండా రేపు గదిలో అడగాల్సినవి ఇక్కడే తేల్చుకుంటున్నాను. ఇందులో ఏదీ తగ్గించను.

ఒకటి. రెండిళ్ళవాళ్ళూ రావాలి. ఒక ఇల్లు వచ్చి ఇంకో ఇంటి తరఫున మాట్లాడటం కుదరదు.

రెండు. పోయినసారి సంగతి పేరు పెట్టి మాట్లాడాలి. "ఆ విషయం", "అప్పటిది" అనకూడదు. కడుపు పోయింది అనాలి.

మూడు. అది సూది వల్ల కాదని డాక్టరు చెప్పినప్పుడు నాగమణి, భ్రమరాంబ గారు ఇద్దరూ అక్కడే ఉండి వినాలి. అనుమానం మిగిలితే అక్కడే అడగాలి, ఇంటికెళ్ళాక కాదు.

నాలుగు. రేపు చెయ్యి నొప్పొచ్చినా, జ్వరమొచ్చినా, మరేదొచ్చినా మొదటి ఫోన్ డాక్టరుకి. వియ్యాలవారికి కాదు.

ఐదు. మొదటి సూది, రెండో సూది, ఫ్లూ టీకా — మూడూ రెండిళ్ళవీ. పంచుకోవడాలు లేవు.

ఆరు. కిరణ్ తన మాట తనే అనాలి. వాళ్ళమ్మ వైపు చూడకుండా.

ఏడు. హారికని ఎవరూ పరాయివాళ్ళ పిల్ల అనకూడదు, వాళ్ళింటి పిల్ల అనకూడదు. పేరుంది, పేరుతో పిలవాలి.

ఎనిమిది. మొదట హారిక మాట్లాడాలి. ఆమె ముగించేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. నేను కూడా.